బ్రౌజర్ నుంచి మైకు దాకా: ప్లగిన్లు వేసిన పక్కదారి

ఇవాళ ఏదైనా వెబ్ పేజీలో మైకు బొమ్మ నొక్కితే పైన ఒక చిన్న పెట్టె వచ్చి, ఈ సైటు మీ మైక్రోఫోన్ వాడుకోవచ్చా అని అడుగుతుంది. సరే అంటే మాట రికార్డవుతుంది. ఇది మామూలు విషయమైపోయింది కానీ, వెబ్ పుట్టిన తర్వాత దాదాపు ఇరవై ఏళ్లపాటు బ్రౌజర్‌కు చెవులు లేవు. బొమ్మలు చూపించేది, పాటలు వినిపించేది, టైపు చేసింది పట్టుకెళ్లేది. మాట్లాడితే మాత్రం వినేది కాదు. కంప్యూటర్‌కు మైకు ఉంది, ఆపరేటింగ్ సిస్టమ్‌కు దాని సంగతి తెలుసు, మధ్యలో ఉన్న బ్రౌజర్‌కే దాంతో పరిచయం లేదు. అందుకు తగిన కారణమే ఉంది. వెబ్ పేజీ అంటే ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన ప్రోగ్రామ్ మన ఇంట్లో నడవడం. అలాంటి దానికి ఇంట్లో మాటలు వినే వీలు ఎవరు మాత్రం వెంటనే ఇస్తారు?

కానీ అవసరం ఆగదు. భాష నేర్పే సైటుకు విద్యార్థి ఉచ్చారణ కావాలి, కాల్ సెంటర్‌కు బ్రౌజర్‌లోనే ఫోను కావాలి, చాట్ గదికి గొంతు కావాలి. ఆ ఖాళీలోకి వచ్చినవే ప్లగిన్లు. 1990ల మధ్యలో నెట్‌స్కేప్ తెచ్చిన ఎన్‌పీఏపీఐ అనే ఏర్పాటు, బయటి కంపెనీ రాసిన ప్రోగ్రామ్‌ను బ్రౌజర్ తన పేజీలో ఒక ముక్కలా కూర్చోబెట్టుకునేలా చేసింది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో అదే పని యాక్టివ్ఎక్స్ చేసింది. ప్లగిన్ చూడటానికి పేజీలో భాగంలా ఉన్నా, నడిచేది మాత్రం కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేసిన మామూలు సాఫ్ట్‌వేర్ లాగే. వాడే మనిషికి ఏ ఏ అధికారాలుంటే అవన్నీ దానికీ ఉంటాయి. కాబట్టి బ్రౌజర్ వెళ్లలేని చోటికి అది వెళ్లగలదు.

అలా దొరికిన మైకు ఎవరి షరతుల మీద దొరికింది, పట్టిన ధ్వని ఏ రూపంలో చేతికొచ్చింది అన్న రెండు ప్రశ్నలే తర్వాత ఎన్నో ప్రాజెక్టుల ఆయుష్షును తేల్చాయి. కోడ్ ఎంత బాగా రాశారన్నది వాటి తర్వాతే.

ప్లగిన్‌గా బ్రౌజర్‌లో నడిచిన జావా సంగతి ముందు చూద్దాం, ఎందుకంటే అక్కడ బేరం మరీ అన్యాయంగా ఉండేది. 2000లో వచ్చిన జావా 1.3 నుంచే అందులో ధ్వనిని పట్టే లైబ్రరీ ఉంది. టార్గెట్ డేటా లైన్ అనే దాన్ని తెరిస్తే మైకు నుంచి శాంపిళ్లు, అంటే ధ్వనిని సెకనుకు వేలసార్లు కొలిచిన అంకెలు, నేరుగా ప్రోగ్రామ్ చేతికి వస్తాయి. సాంకేతికంగా అప్పటికి అంతకంటే శుభ్రమైన పద్ధతి లేదు. కానీ మామూలు యాప్లెట్‌కు (పేజీలో నడిచే జావా ప్రోగ్రామ్‌కు) రికార్డు చేసే అనుమతి ఉండదు. ఆ అనుమతి కావాలంటే యాప్లెట్‌కు అది ఎవరిదో చెప్పే డిజిటల్ సంతకం ఉండాలి, ఆ సంతకాన్ని నమ్ముతున్నానని వాడే మనిషి ఒప్పుకోవాలి. ఒప్పుకున్నాక ఆ యాప్లెట్‌కు మైకుతో పాటు ఫైళ్లు, నెట్‌వర్క్, మొత్తం కంప్యూటరూ అందుబాటులోకి వస్తాయి. పది సెకన్ల మాట రికార్డు చేయడానికి ఇంటి తాళాల గుత్తి మొత్తం ఇచ్చినట్టు. చాలామంది ఆ హెచ్చరిక పెట్టె చదవకుండానే ఓకే నొక్కేవారు. తప్పు వాళ్లది అనలేం, అడిగిన తీరే అలా ఉంది. చివరికి 2014 జనవరిలో వచ్చిన జావా 7 అప్‌డేట్ 51, ఎవరికి వారు సంతకం పెట్టుకున్న యాప్లెట్లను మామూలు సెట్టింగుల్లో నడవనివ్వకుండా ఆపేసింది. డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకోలేని చిన్న సైట్ల రికార్డర్లకు దారి అక్కడే మూసుకుపోయింది.

జనానికి నిజంగా అలవాటైన దారి ఫ్లాష్, వెబ్ పేజీల్లో కదిలే బొమ్మలు, ఆటలు, వీడియోలు నడిపిన ప్లగిన్. మాక్రోమీడియా 2002లో విడుదల చేసిన ఫ్లాష్ ప్లేయర్ 6 లో మైక్రోఫోన్, కెమెరాలను వాడే వీలు మొదటిసారి వచ్చింది. ఫ్లాష్ అప్పటికే ఇంచుమించు ప్రతి కంప్యూటర్‌లోనూ ఉంది కాబట్టి కొత్తగా ఏదీ ఇన్‌స్టాల్ చేయమని అడగనక్కర్లేదు. దాని బలమంతా అదే.

మెలిక ఏమిటంటే, ఆ మైకు ధ్వనిని డెవలపర్ తాకలేడు. ప్లేయర్ దాన్ని నెల్లీమోజర్ అనే, వివరాలు బయటికి చెప్పని కోడెక్‌లో (ధ్వనిని కుదించే పద్ధతిలో) కుదించి, ఆర్‌టీఎంపీ అనే సొంత ప్రోటోకాల్ మీద, అదే కంపెనీ అమ్మే కమ్యూనికేషన్ సర్వర్‌కు పంపిస్తుంది. మధ్యలో రాసిన యాక్షన్‌స్క్రిప్ట్‌కు (ఫ్లాష్ సొంత ప్రోగ్రామింగ్ భాషకు) గొంతు ఎంత గట్టిగా ఉందో చెప్పే ఒక అంకె తప్ప ఇంకేమీ అందదు. ఐదు సెకన్ల మాట దాచుకోవాలన్నా లైవ్ ప్రసారానికి కట్టిన సర్వర్ కావాలి. రెడ్5 లాంటి ఓపెన్ సోర్స్ సర్వర్లు వచ్చాక ఖర్చు తగ్గింది, చిక్కు తగ్గలేదు. మాట ముందు ఎఫ్ఎల్‌వీ అనే ఫ్లాష్ వీడియో ఫైలుగా సర్వర్‌లో పడేది, దాన్ని విప్పి ఎంపీ3గానో వేవ్‌గానో మార్చడం ఇంకో పని. 2008లో వచ్చిన ఫ్లాష్ ప్లేయర్ 10 లో స్పీక్స్ అనే ఓపెన్ కోడెక్ చేరింది. శాంపిళ్లు నేరుగా ప్రోగ్రామ్‌కు ఇచ్చే వీలు మాత్రం 2010 జూన్‌లో 10.1 తోనే వచ్చింది. మైకు వచ్చిన ఎనిమిదేళ్లకు!

అనుమతి అడిగే పెట్టె గురించి ఒక చిన్న వివరం చెప్పుకోవాలి, దీని దగ్గర ఎంతమంది గంటలు పోగొట్టుకున్నారో లెక్కలేదు. ఫ్లాష్ తన అనుమతి పెట్టెను బ్రౌజర్ కిటికీలో చూపించేది కాదు, పేజీలో ఆ ఫ్లాష్ ముక్క ఉన్న జాగాలోనే చూపించేది. ఆ పెట్టె పట్టాలంటే కనీసం 215 పిక్సెళ్ల వెడల్పు, 138 పిక్సెళ్ల ఎత్తు ఉండాలి. పేజీ అందంగా ఉండాలని డిజైనర్ రికార్డు బటన్‌ను నలభై పిక్సెళ్లకు కుదిస్తే పెట్టె రాదు. పెట్టె రాకపోతే అనుమతి లేదు, అనుమతి లేకపోతే మైకు మూగ. ఎర్రర్ మెసేజ్ ఉండదు, రికార్డింగ్ నడుస్తున్నట్టే కనిపిస్తుంది, తీరా వింటే నిశ్శబ్దం. అందుకని అప్పటి రికార్డర్లు ఒక ఉపాయం పట్టాయి. ముందు ఫ్లాష్ ముక్కను పెద్దగా చూపించి, అనుమతి వచ్చాక ఒక పిక్సెల్‌కు కుదించేసేవి. ఆ తర్వాత బటన్లు, గీతలు అన్నీ మామూలు హెచ్‌టీఎంఎల్‌లోనే, వినే పని మాత్రం కంటికి కనిపించని ఆ చుక్కది.

అసలు పక్కదారి ఇక్కడే పూర్తి రూపం దాల్చింది. మైకు శాంపిళ్లు ఫ్లాష్‌లో ఉన్నాయి, అవి కావాల్సింది పేజీని నడిపే జావాస్క్రిప్ట్‌కు. రెండింటి మధ్య ఎక్స్‌టర్నల్ ఇంటర్‌ఫేస్ అనే వంతెన ఉంది కానీ దాని మీద మాటలు, అంకెలు నడుస్తాయి తప్ప బైట్ల మూట నడవదు. కాబట్టి శాంపిళ్లను బేస్64 అనే పద్ధతిలో మామూలు అక్షరాలుగా మార్చి దాటించాలి. సెకనుకు 44,100 శాంపిళ్ల చొప్పున, ఒక్కోటి 16 బిట్లుగా, ఒక నిమిషం మాట 52,92,000 బైట్లు. బేస్64 చేస్తే అది మూడోవంతు పెరిగి 70 లక్షల అక్షరాలు దాటుతుంది. అంత పొడుగు దారాన్ని ఒకేసారి వంతెన మీదికి లాగితే అప్పటి బ్రౌజర్లు కొన్ని సెకన్లు బిగుసుకుపోయేవి. తెలిసినవాళ్లు ఆ పని మానేసి, ఫ్లాష్‌లోనే శాంపిళ్ల ముందు, ఫైలు వివరాలు చెప్పే 44 బైట్ల వేవ్ హెడర్ అతికించి, అక్కడి నుంచే సర్వర్‌కు పోస్ట్ చేసేవారు. వంతెన మీద "అయిపోయింది" అన్న కబురు ఒక్కటే పంపేవారు.

ఫ్లాష్ మైకుకు ఇంకో అలవాటు ఉండేది, మాటలు సేకరించేవారికి అది ప్రమాదకరం. గొంతు ఒక స్థాయి కంటే తగ్గి రెండు సెకన్లు దాటితే, ఇక మాట్లాడటం లేదనుకుని శాంపిళ్లు ఇవ్వడం ఆపేస్తుంది. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉన్న కాలంలో ఖాళీని పంపకపోవడం మంచి ఆలోచనే. కానీ పదాలు చదివించి రికార్డు చేసేటప్పుడు సంగతి వేరు. మనిషి ఒక పదం చదివి, తర్వాతి పదం చూసి, ఊపిరి తీసుకుని మొదలుపెడతాడు. మెల్లగా మొదలయ్యే హకారం ఆ హద్దు కింద పడితే మొదటి అక్షరమే ఎగిరిపోయి "హారం" కాస్తా "ఆరం" అవుతుంది. పైగా మధ్యలోని ఖాళీలు కలిసిపోయి, ముప్పై సెకన్లు చదివింది ఇరవై రెండు సెకన్ల ఫైలుగా మిగలొచ్చు. నిశ్శబ్దపు హద్దును సున్నాకు పెడితే ఇవన్నీ పోతాయి. ఒక్క లైను కోడ్. ఆ లైను ఉందని తెలియడానికే కొందరికి ఒక విడత రికార్డింగులు బలయ్యేవి.

శాంపిల్ రేటు గొడవ కూడా అప్పటిదే, ఇప్పటికీ పోలేదు. మైకు సెకనుకు 48,000 శాంపిళ్లు ఇస్తుంటే ఫైలు హెడర్‌లో 44,100 అని రాస్తే, ప్లేయర్ ఆ అంకెనే నమ్ముతుంది. ఒక నిమిషం మాట 65 సెకన్లకు సాగుతుంది, గొంతు సుమారు ఒకటిన్నర స్వరస్థానాల మేర కిందికి దిగి బరువెక్కుతుంది. తెలిసిన మనిషి గొంతైతే తేడా పట్టేస్తాం. తెలియని గొంతైతే ఆయన మాట తీరే అంత అనుకుంటాం, ఫైలు అలాగే భద్రంగా దాచేస్తాం. హెడర్‌లో స్థిరంగా ఒక అంకె రాయకుండా, పరికరం నిజంగా ఏ రేటు ఇస్తోందో అడిగి అదే రాయాలన్నది వినడానికి చిన్న జాగ్రత్తే. పదేళ్ల పాత కోడ్‌ను కొత్త ల్యాప్‌టాప్ మీద నడిపినప్పుడు తెలుస్తుంది దాని విలువ.

భద్రత సంగతికొస్తే, అనుమతి పెట్టె పేజీలోపలే ఉండటం పిక్సెళ్ల ఇబ్బందితో ఆగలేదు. ఫ్లాష్ సెట్టింగులు మార్చుకునే చోటు, మాక్రోమీడియాను కొనేసిన అడోబీ సైటులో ఒక వెబ్ పేజీగా ఉండేది. వెబ్ పేజీ కాబట్టి దాన్ని ఇంకో పేజీలో ఇమిడ్చి, పారదర్శకంగా చేసి, పైన ఒక ఆట పెట్టొచ్చు. ఆటలో కదిలే బటన్ల మీద నొక్కుతున్నానని మనిషి అనుకుంటాడు, నిజానికి ఆ నొక్కులు కింద కనిపించకుండా ఉన్న "అనుమతించు" మీద పడతాయి. క్లిక్‌జాకింగ్ అని పేరు పడిన ఈ ఎత్తును 2008 అక్టోబర్‌లో సరిగ్గా ఇలాంటి ఆటతోనే చేసి చూపించారు. అడోబీ సరిదిద్దింది. మూడేళ్ల తర్వాత 2011లో స్టాన్‌ఫర్డ్ విద్యార్థి ఒకరు అదే ఎత్తును కొంచెం మార్చి మళ్లీ పనిచేయించారు. మనిషి అనుమతి అడిగే చోటు పేజీ చేతికి అందకుండా ఉండాలన్న పాఠం దీని నుంచే గట్టిగా తెలిసింది. ఇవాళ్టి బ్రౌజర్ అనుమతి పెట్టెను అడ్రస్ బార్ దగ్గర, పేజీ తాకలేని చోట పెడుతోంది.

మైక్రోసాఫ్ట్ వారి ప్లగిన్ సిల్వర్‌లైట్ కూడా 2010 ఏప్రిల్‌లో తన 4వ వెర్షన్‌తో మైకు తెరిచింది. శాంపిళ్లు నేరుగా ఇచ్చింది, పద్ధతిగానే ఇచ్చింది. కానీ అప్పటికే ఆలస్యం. ఐఫోన్‌లో ఏ ప్లగిన్‌కూ చోటు లేదు, జనం ఫోన్లకు మారిపోతున్నారు. గూగుల్ 2008లో జీమెయిల్‌లో వాయిస్, వీడియో కాల్స్ పెట్టినప్పుడు దానికీ ప్రత్యేకంగా ఒక ప్లగిన్ దింపుకోవాల్సి వచ్చేది. ఇంత పెద్ద కంపెనీకే పక్కదారి తప్పనప్పుడు, దారినే బ్రౌజర్‌లో కలిపేయాలన్న ఆలోచన రావడం సహజం. ధ్వని కుదింపు, ప్రతిధ్వని తొలగింపుల్లో ఆరితేరిన గ్లోబల్ ఐపీ సొల్యూషన్స్‌ను గూగుల్ 2010లో సుమారు 6.8 కోట్ల డాలర్లకు కొని, 2011లో ఆ కోడ్‌ను, బ్రౌజర్‌లోనే కాల్స్ నడిపేలా, వెబ్‌ఆర్‌టీసీ పేరుతో అందరికీ ఇచ్చేసింది.

ఆ తర్వాత మార్పు వేగంగానే జరిగింది. పేజీ నేరుగా బ్రౌజర్‌నే మైకు, కెమెరా అడిగే గెట్‌యూజర్‌మీడియా అనే పిలుపు 2012లో క్రోమ్ 21 లో, 2013లో ఫైర్‌ఫాక్స్‌లో వచ్చింది. 2015 సెప్టెంబర్‌లో క్రోమ్ ఎన్‌పీఏపీఐని పూర్తిగా తీసేసింది, 2017 మార్చిలో ఫైర్‌ఫాక్స్ ఫ్లాష్‌ను ఒక్కదాన్ని మిగిల్చి తక్కిన ప్లగిన్లను ఆపేసింది. అదే ఏడాది సఫారీ 11 తో ఐఫోన్ బ్రౌజర్‌కూ మైకు దక్కింది. 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కు అడోబీ మద్దతు ముగిసింది, 2021 జనవరి 12 నుంచి ఫ్లాష్ ప్లేయరే తనలోని ప్రోగ్రామ్‌లను నడపడం మానేసింది. అదే నెలలో వెబ్‌ఆర్‌టీసీ, వెబ్ ప్రమాణాలు ఖరారు చేసే డబ్ల్యూ3సీ సంస్థ అధికారిక ప్రమాణం అయింది.

ఈ మధ్యకాలంలో రికార్డర్లను మార్చుకున్న తీరు గమనిస్తే, అందరి కష్టం ఒకలా లేదు. ఫ్లాష్‌ను కేవలం మైకు గొట్టంలా వాడి, ఇవతలికి మామూలు వేవ్ ఫైలు తీసుకున్నవారు ఆ గొట్టం తీసి కొత్తది బిగించారు, అంతే. సర్వర్‌లో, డేటాబేస్‌లో, పాత రికార్డింగుల్లో ఏదీ మారలేదు. ఆర్‌టీఎంపీ మీదే మొత్తం కట్టుకున్నవారు మాత్రం సర్వర్ నుంచి పేజీ దాకా మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది, నెల్లీమోజర్‌లో పడి ఉన్న పాత మాటల్ని విప్పుకోవడం వేరే పని. పక్కదారి వాడక తప్పనప్పుడు దాన్ని అంచునే ఉంచి, లోపలికి మాత్రం అందరికీ తెలిసిన రూపంలోనే సరుకు తీసుకోవాలన్న మాటకు ఇంతకంటే గట్టి రుజువు అక్కర్లేదు.

బ్రౌజర్‌కు చెవులొచ్చాక పక్కదారులు ఆగిపోయాయా అంటే, లేదు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ యూనిటీతో చేసిన ఆటలే చూడండి. పాత యూనిటీ వెబ్ ప్లేయర్ ప్లగిన్‌లో మైకు పనిచేసేది, అనుమతి అడిగి వాడుకోవడమే. ప్లగిన్లు పోయి, బ్రౌజరే ఆటను నడిపే వెబ్‌జీఎల్ వచ్చాక, ఫోన్లలోనూ కంప్యూటర్లలోనూ చక్కగా నడిచే అదే మైక్రోఫోన్ క్లాస్‌కు వెబ్‌లో మద్దతు లేకుండా పోయింది. దాంతో ఏళ్ల తరబడి డెవలపర్లు ప్రాజెక్టు ప్లగిన్స్ ఫోల్డర్‌లో ఒక జేఎస్‌లిబ్ ఫైలు పెట్టి, అందులో జావాస్క్రిప్ట్‌తో మైకు తెరిచి, శాంపిళ్లను ఆట మెమరీలోకి కాపీ చేస్తూ వచ్చారు. ఫ్లాష్ వంతెన కథే ఇది, దిక్కు మారింది. ఇక్కడా ఒక గుంట ఉంది. ఆటకు మెమరీ చాలక పెరిగినప్పుడు, ఆ మెమరీలోకి జావాస్క్రిప్ట్ ముందే తెరిచి పెట్టుకున్న కిటికీ (వ్యూ) చెల్లదు. మొదటి రెండు నిమిషాలు బాగా పనిచేసి, పెద్ద సీన్ ఒకటి లోడయ్యాక మైకు చచ్చిపోయిందంటే ముందు చూడాల్సింది అక్కడే. ప్రతిసారీ కాపీ చేసేముందు ఆ కిటికీని కొత్తగా తీసుకోవాలి.

ఇంకో రకం పక్కదారి అంతకంటే పాతది, అంతకంటే అపాయకరం. కంప్యూటర్‌లో చిన్న సహాయక ప్రోగ్రామ్ ఇన్‌స్టాల్ చేసి, అది లోపల ఒక సర్వర్ నడుపుతుంటే, వెబ్ పేజీ దానితో మాట్లాడి పని చేయించుకోవడం. 2019 జులైలో మ్యాక్ కంప్యూటర్లలో జూమ్ ఇలాగే దాచి నడిపిన సర్వర్ బయటపడింది. ఏదో ఒక సైటు తెరిచినంత మాత్రాన మనిషిని కెమెరాతో సహా మీటింగ్‌లోకి లాగే వీలుండేది, యాప్ తీసేసినా ఆ సర్వర్ మిగిలిపోయేది. చివరికి యాపిలే అప్‌డేట్ పంపి దాన్ని తొలగించింది. మనిషికి ఒక నొక్కు తగ్గించడానికని పెట్టిన ఏర్పాటు అది. అనుమతి అడిగే ఆ నొక్కును తప్పించే ఏ ఉపాయాన్నైనా అనుమానంగానే చూడాలి.

నేరుగా వచ్చిన మైకుకూ తన స్వభావం ఉంది. కాల్స్ కోసం పుట్టింది కాబట్టి ప్రతిధ్వని తీసేయడం, మోత తగ్గించడం, గొంతు స్థాయి సరిచేయడం చాలా బ్రౌజర్లలో అడగకుండానే నడుస్తుంటాయి. ఫోను మాటకు ఇది వరం. సంగీతానికి కాదు. అమెరికాలో ఉన్న పిల్లకు విజయవాడ నుంచి గురువుగారు బ్రౌజర్‌లో పాఠం చెబుతుంటే, వెనక శ్రుతి పెట్టె ఎడతెగకుండా మోగుతూ ఉంటుంది. ఎడతెగని మోత అంటే ఫ్యాను చప్పుడు లాంటిదే అనుకుని బ్రౌజర్ దాన్ని తుడిచేస్తుంది. ఇక్కడ శ్రుతి నిండుగా వినిపిస్తుంది, అక్కడ పిల్లకు గొంతు మాత్రమే, అదీ రాగం నిలిపి పట్టిన చోటల్లా సన్నబడుతూ. మైకు తెరిచేటప్పుడే ఆ మూడింటినీ వద్దని చెబితే శ్రుతి తిరిగొస్తుంది. అప్పుడు ప్రతిధ్వని రాకుండా హెడ్‌ఫోన్ పెట్టుకోవాలి.

తెలుగు మాటల్ని కంప్యూటర్‌కు నేర్పే పని ఇప్పుడు చాలావరకు ఈ బ్రౌజర్ మైకు మీదే నడుస్తోంది. కేంద్ర ప్రభుత్వ భాషా సాంకేతిక కార్యక్రమమైన భాషిణి కింద నడిచే భాషాదాన్‌లో తెర మీద వాక్యం చూసి చదివితే గొంతు రికార్డవుతుంది. వికీమీడియా వాళ్ల లింగ్వా లిబ్రేలో పదాలు వరసగా చదివితే దేనికది ఫైలుగా విడిపోతుంది. ఇలాంటి పేజీ సొంతంగా కట్టేవారికి ఎదురయ్యే ఇబ్బందులు ముందే తెలిసినవే. సైటు హెచ్‌టీటీపీఎస్ (భద్రమైన కనెక్షన్) కాకపోతే మైకు పిలుపే ఉండదు, 2015 చివర్లో క్రోమ్ 47 నుంచి ఇదే నియమం. బ్రౌజర్‌లోనే ఉన్న మీడియా రికార్డర్ వాడితే క్రోమ్ వెబ్ఎం ఫైలు ఇస్తుంది, ఐఫోన్ చాలాకాలం ఎంపీ4 మాత్రమే ఇచ్చింది, ఫైలు పేరు చివర ఏం రాసినా లోపలి రూపం మారదు. బొత్తిగా నష్టం లేని శాంపిళ్లే కావాలంటే బ్రౌజర్‌లోనే ఆడియో వర్క్‌లెట్ అనే సాధనం ఉంది. అది 128 శాంపిళ్ల చొప్పున, పేజీలోని తక్కిన పనులకు దూరంగా వేరే దారిలో నడుస్తుంది కాబట్టి, పాత పద్ధతిలో పేజీ స్క్రోల్ చేసినప్పుడల్లా వినిపించే టిక్కు టిక్కు శబ్దాలు ఉండవు.

అన్నిటికంటే ఎక్కువ గొంతులు పోయేది మాత్రం ఇంకో చోట. లింకు చాట్ యాప్‌లో వస్తుంది, నొక్కితే కొన్ని యాప్‌లలో ఆ యాప్ లోపలి బ్రౌజర్‌లోనే తెరుచుకుంటుంది. ఆండ్రాయిడ్‌లో అలాంటి వెబ్‌వ్యూకు మైకు కావాలంటే పేజీ అడగడం చాలదు, దాన్ని తెరిచిన యాప్‌కు రికార్డు చేసే అనుమతి ఉండాలి, ఆ అనుమతిని పేజీకి అందించే కోడ్ కూడా ఆ యాప్ రాసి ఉండాలి. రాయకపోతే పిలుపు అక్కడే తిరస్కరణకు గురవుతుంది, మనిషికి ఏ పెట్టే కనిపించదు. శ్రీకాకుళం యాసలోనో ఆదిలాబాద్ యాసలోనో నాలుగు వాక్యాలు చదివి ఇద్దామని వచ్చిన పెద్దాయన బటన్ రెండుసార్లు నొక్కి, తన ఫోనులోనే ఏదో లోపం ఉందనుకుని మూసేస్తాడు. ఆ తిరస్కరణను కోడ్‌లో పట్టుకుని, "పైన ఉన్న మూడు చుక్కలు నొక్కి, ఈ పేజీని క్రోమ్‌లో తెరవండి" అని పెద్ద అక్షరాల్లో తెలుగులో చూపిస్తే ఆ గొంతు దక్కే అవకాశం ఉంటుంది.